మూడోసారి పాడిన పాట

రేడియో స్టేషన్‌లో రికార్డుల గదిని చూసుకునే ఆవిడను అందరూ సూదమ్మ అనేవారు. ప్లేయర్ సూదిని ఇంకొకరి చేత ముట్టుకోనివ్వదు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ అనుకుంటుంది. మాట గుచ్చుకుంటుంది కాబట్టి వచ్చిందని మిగతావాళ్లకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్లుగా అదే గది, అదే బల్ల. రికార్డును అంచుల దగ్గరే పట్టుకోవాలి. గీతల మీద వేలు పెట్టినవాడి పేరు ఆవిడ నోట్లో వారం రోజులు నలిగేది. సంతకం పెట్టనిదే డైరెక్టరుకైనా సరే రికార్డు గడప దాటేది కాదు.

ఆవిడ పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడిగి అడిగి విసిగి ఊరుకున్నారు. మేడ మీద ఒక్క గదిలో ఉంటుంది. ఒక కుర్చీ, ఒక కప్పు, వీధి వైపు కిటికీ. ఆదివారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసి, "తిన్నావా అక్కా?" అంటుంది. తిన్నానంటే పది నిమిషాలు తన పిల్లల సంగతులు చెప్పి పెట్టేస్తుంది. మళ్లీ సోమవారం ఆఫీసుకు వచ్చి ప్యూనుతో "తలుపు తియ్యి" అనేదాకా సూదమ్మ నోరు విప్పాల్సిన అవసరం రాదు. అంత పాటల పిచ్చి ఉన్న మనిషి ఇంట్లో ప్లేయరు లేదు. ఉంటే ఆఫీసుకు రావడానికి ఏం మిగులుతుందని ఆవిడ వాదన.

ఆ పిచ్చి కూడా ఒక్క గాయని మీదే. ఎవరో ఎప్పుడో రాసి, తరతరాలుగా అందరూ పాడుకుంటూ వస్తున్న పాత పాటలనే ఆ గాయని మళ్లీ పాడేది. పాడిన తర్వాత ఇంకెవరూ ఆ పాట జోలికి పోకుండా ఉంటే మంచిదని సూదమ్మకు గట్టిగా అనిపించేది. తాళం ముందుకు పోతూంటే ఆ గొంతు అర అడుగు వెనకగా నడిచేది, నాకేం తొందర అన్నట్టు. ఇక అందుకోలేదని మనం బెంగపడే సమయానికి పాదం చివర సరిగ్గా వచ్చి కలిసేది. అది మొదటిసారి విన్న రోజు సూదమ్మ టీ తాగడం మరిచిపోయింది.

అన్నిట్లోకీ ఒక పాట ఉంది. ఇల్లు వదిలి వెళ్లిన మనిషికి ఇంటి సంగతులు చెప్పే పాట. దీపం బాగానే వెలుగుతోంది, తలుపు కిర్రుమనడం మానేసింది, నీ కుర్చీ అక్కడే ఉంది, అంతే అందులో ఉన్నది. ఆ గాయని దాన్ని మూడుసార్లు రికార్డు చేసింది. ఇరవై నాలుగో ఏట పాడినది సూదమ్మ ప్రాణం. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుని అదే వినేది. ఆ పాటలో వెళ్లిన మనిషి రేపో మాపో వచ్చేస్తాడు, అనుమానం లేదు. చివర "కుర్చీ" అన్న మాట మీద గొంతు పైకి లేచి అలా నిలబడిపోతుంది. నలభై ఏళ్లు దాటాక పాడినదాన్లో వయొలిన్లు మరీ ఎక్కువ. ఊరి వాళ్లందరినీ పిలిచి తలా ఒకటి చేతికిచ్చినట్టుంటుంది. దాని మీద సూదమ్మకు పెద్ద అభిప్రాయం లేదు.

మూడోది, అరవై ఏడేళ్ల వయసులో పాడింది, స్టేషన్‌కు వచ్చేనాటికి సూదమ్మకు ఇరవై తొమ్మిది. పూర్తిగా వినకుండానే సూది పైకెత్తేసింది. పైకి లేవాల్సిన చోటికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది, పదాల మధ్య ఊపిరి వినిపిస్తోంది. ఈ వయసులో ఈవిడకు ఎవరూ చెప్పేవాళ్లు లేరా అని ఒళ్లు మండింది. ఇష్టమైన మనిషి మీద వచ్చే కోపం మామూలు కోపం కాదు. కవరు మీద ఎర్ర సిరాతో, "గొంతు పాడైంది. ప్రసారానికి పనికిరాదు" అని రాసి పై అరలోకి తోసేసింది.

ఆ రోజుల్లో సాయంత్రం పాటల కార్యక్రమం చేసే ఎనౌన్సరు గారొకరు ఉండేవారు. నాలుగున్నరకు రావాల్సిన మనిషి నాలుగింటికే వచ్చి, గదిలో ఉన్న ఒకే ఒక స్టూలు మీద కూర్చుని, ఆ గాయని గురించి వాదన పెట్టుకునేవారు. ఆయనకు మూడోదే ఇష్టం, బయటెక్కడో విన్నారట. "నీకింకా చెవులు లేతగా ఉన్నాయమ్మాయ్" అనేవారు. "మీ చెవులు మరీ ముదిరాయండీ" అనేది ఈవిడ. సూదమ్మ తన జీవితంలో ఒక మనిషితో రోజూ మాట్లాడినది ఆ అరగంటే. అప్పుడు ఆ సంగతి ఆవిడకు తెలియలేదు.

ఆయన రిటైరయ్యే రోజున ఒకటే అడిగారు.

"చివరి పాటగా మూడోది వేసుకుంటానమ్మాయ్."

"పనికిరాదండీ. రాసి ఉంది."

"రాసింది నువ్వేగా?"

"నేనైతే మాత్రం? రాసింది రాసిందే."

ఆయన నవ్వి ఊరుకున్నారు. కానీ ఊరుకోనిది సూదమ్మ. కాస్త మెత్తబడినట్టు నటించి, మూడోదాని కవర్లో మొదటిది పెట్టి చేతికిచ్చింది. వెళ్లిపోయే మనిషి ఆఖరి కార్యక్రమం ఆ అరిగిపోయిన గొంతుతో ముగియకూడదు, ఆయన పరువు తనే కాపాడాలి. స్టూడియో అద్దం ఇవతల నిలబడి చూసింది. పాట మొదలవగానే ఆయన తలెత్తి అద్దంలోంచి ఈవిడ వైపు చూశారు. తర్వాత చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశారు. బయటికొచ్చి, "మంచి పాటే ఇచ్చావమ్మాయ్" అని, దండలూ ఫొటోలూ అయ్యాక వెళ్లిపోయారు. రెండేళ్లకు ఆయన పోయిన వార్త నోటీసు బోర్డు మీద చూసింది. వెళ్లలేదు. వెళ్లి ఎవరితో ఏమని చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు సూదమ్మకు యాభై ఎనిమిది. నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. ఈలోగా స్టేషన్ రెండు గదుల చోటికి మారుతోంది. పన్నెండు వేల రికార్డుల్లో మూడు వేలకే అక్కడ అరలున్నాయి. ఒకే పాట ఒకే గొంతులో రెండు మూడు ఉంటే ఒకటే ఉంచాలి, మిగతావి అట్టపెట్టెల్లో వేస్తే శుక్రవారం లారీ వచ్చి పాత సామాను కింద పట్టుకుపోతుంది. పంపేసేవాటికి కూడా ఒకసారి విని స్థితి రాయాలని ఫారంలో గడి ఉంది. మిగతావాళ్లు వినకుండానే రాసేస్తున్నారు. సూదమ్మ గడి ఉంటే నింపే మనిషి.

బుధవారం పొద్దున మూడోది పై అరలోంచి దింపింది. కవరంతా దుమ్ము, లోపల రికార్డు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఇన్నేళ్లలో మళ్లీ దాని మీద సూది పెట్టినవాళ్లు లేరు. పెట్టనిచ్చింది ఎవరు గనక.

సూది దించి, స్టూలు మీద కూర్చుంది.

పియానో ఒక్కటే ఉంది. గొంతు కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. దీపం బాగానే వెలుగుతోందని చెప్పింది. తలుపు సంగతి చెప్పింది. ఆ తర్వాత ఆగింది. ఆ రోజు ఊపిరి అందలేదనుకుని సూది ఎత్తేసిన చోటు అదే. ఈసారి సూదమ్మ చెయ్యి ఒళ్లోనే ఉంది. ఊపిరి తీసుకుని "నీ కుర్చీ" అంది ఆ గొంతు, పైకి లేవకుండా, ఉన్నచోటే. అందలేక ఆగిపోవడం కాదది. ఎవరూ రారని తెలిసిన మనిషి గొంతెత్తి ఎవరిని పిలుస్తుంది? కుర్చీ అక్కడే ఉందని చెప్పి ఊరుకుంది, అంతే. పియానో కూడా దాన్ని ఓదార్చే ప్రయత్నం చేయలేదు.

అప్పుడు గుర్తొచ్చింది సూదమ్మకు. ఎనౌన్సరు గారు రిటైరవడానికి నాలుగు నెలల ముందే ఆయన భార్య పోయింది. పలకరించడానికి ఆఫీసంతా వాళ్లింటికి వెళ్లారు, తనూ వెళ్లింది. కిటికీ దగ్గర రెండు కుర్చీలున్నాయి. చోటు చాలక సగంమంది నిలబడ్డారు గానీ ఆ రెండో కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తను కూర్చోబోతే పక్కావిడ చెయ్యి పట్టి ఆపింది. అన్నీ చూసింది. చూసి కూడా, ఆఖరి రోజున ఆయన అడిగిన ఒక్క పాటా మార్చి ఇచ్చింది.

పాట అయిపోయినా సూది కింద రికార్డు గిర్రున తిరుగుతూనే ఉంది. సూదిని అలా వదిలేసినవాళ్లను ఆవిడ ఎన్నడూ క్షమించింది లేదు. ఆ రోజు తనే వదిలేసింది. ఏడవాలంటే సిగ్గేసింది, కానీ ఏడ్చింది.

శుక్రవారం పొద్దున కొత్త ఆఫీసరమ్మ జాబితా పట్టుకుని వచ్చింది. చిన్న వయసు, మంచి పిల్ల, క్షణం తీరిక లేదు.

"ఈ పాటవి మూడు కాపీలున్నాయి కదమ్మా, ఒకటి ఉంచి రెండు పంపేద్దాం. మూడోదాని మీద పనికిరాదని ఎవరో రాశారు చూడండి."

"ఎవరో కాదు మేడమ్, నేనే. తప్పు రాశాను."

ఆఫీసరమ్మ కాగితం మీంచి తలెత్తింది. సూదమ్మ నోట తప్పు అన్న మాట విన్నవాళ్లు ఆ స్టేషన్‌లో ఎవరూ లేరు.

"రెండు ఉంచుకోవచ్చా మేడమ్? మొదటిదీ, మూడోదీ. ఒక్క పాటకే."

"ఒకదానికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారమ్మా. అక్కడ నిజంగానే చోటు లేదు. ఒకటి మీరే చెప్పండి, అదే రాసేస్తాను."

సూదమ్మ మొదటిదాన్ని చేతిలోకి తీసుకుంది. ముప్ఫై నాలుగేళ్ల మధ్యాహ్నాలు అందులోనే గడిచాయి. కవరు మూలలు తన చేత్తోనే మూడుసార్లు అతికించింది. రికార్డు బయటికి తీసి మెత్తటి గుడ్డతో గీతల వెంట నెమ్మదిగా తుడిచింది. చెత్తలోకి పోయేదాన్ని తుడవడమేమిటని ఆఫీసరమ్మ అడగబోయి మానుకుంది. కవర్లో పెట్టి, వంగి, అట్టపెట్టెలో నిలబెట్టింది. తర్వాత మూడోదాని మీద ఎర్ర సిరా రాతను పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కింద తేదీ వేసి సంతకం పెట్టింది.

"అయితే మీకు బాగా ఇష్టమైంది ఇదన్నమాట" అంది ఆఫీసరమ్మ జాబితాలో రాసుకుంటూ.

"కాదు మేడమ్. ఇష్టమైంది పెట్టెలో ఉంది. ఇది ఒకాయన అడిగారు."

"ఇచ్చారా మరి?"

సూదమ్మ రికార్డును అంచుల దగ్గర పట్టుకుని కవర్లోకి దించింది.

"ఇవ్వలేదు" అంది.