మా అత్తగారు హార్డ్ డిస్కుకు చూసిన సంబంధం

పోయిన నెల మా అత్తగారు పోయారు. నిద్రలోనే, ఇంట్లో ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయారు. అందరికీ కబురు చెబుతూ ఉండగా, రావులపాలెం అరటి మార్కెట్టులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన తనంతట తానే ఫోన్ చేశారు. "అయ్యో, ఎంత పని జరిగిందండి" అని కాసేపు బాధపడి, పెట్టేసే ముందు మొహమాటంగా అడిగారు. "మరి ఆ మా చిన్న డిస్కు... ఇంకా తిరుగుతోందాండి?"

తిరుగుతోందని చెప్పాను. "ఆయ్, సంతోషం" అన్నారాయన, అత్తింట్లో కూతురు సుఖంగా ఉందని విన్న తండ్రిలాగా. అప్పటిదాకా ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. అత్తగారి గురించి ఎప్పుడైనా రాస్తే ఆ డిస్కు దగ్గరే మొదలుపెట్టాలని అప్పుడే అనుకున్నాను.

రాజమండ్రిలో మా మేడ మీద మామగారికి చిన్న రికార్డింగ్ గది ఉండేది. కిటికీలకు పాత బొంతలు కట్టి, వీధి చప్పుడు రాకుండా చేసుకున్నారు. బుర్రకథలు, హరికథలు, నాటక పద్యాలు, ఎన్నికలొస్తే మైకు ప్రచారాలు, అన్నీ అక్కడే క్యాసెట్లకెక్కేవి. తొంభైల చివర్లో ఆయన మద్రాసు నుంచి ఒక పాత డిజిటల్ రికార్డరు కొనుక్కొచ్చారు. దానికి ఎనిమిది ట్రాకులు. అంటే ఎనిమిది గొంతులను విడివిడిగా దాచుకుని, వినేటప్పుడు అన్నిటినీ కలిపి వినిపిస్తుంది. టేపు ఉండదు, ముందువైపు అరలో హార్డ్ డిస్కు ఉంటుంది. అది ఇంట్లోకి వచ్చిన కొద్ది కాలానికే పాడేవాళ్ళూ పాడించేవాళ్ళూ కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయారు. మామగారు యంత్రం మీద దుప్పటి కప్పి, అరుగు మీద పేపరు చదువుకోవడానికి అలవాటుపడ్డారు.

ఆ దుప్పటి తీసింది మా అత్తగారు.

ఆవిడకు రెండు పిచ్చులు. ఒకటి సంబంధాలు కుదర్చడం, రెండోది పెళ్ళిపాటలు. వియ్యపురాలిని ఆటపట్టించే పాటలంటే మరీ ఇష్టం. ఏ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినా ఎవరికి ఏ పాట వచ్చో కనిపెట్టి వచ్చేవారు. ఆ పాటలన్నీ ఒకచోట చేర్చాలని ఆవిడ కోరిక. కానీ పాట వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకే రోజున ఎక్కడ దొరుకుతారు? ఒకరింట్లో కోతలు, ఒకరి మనవడికి పరీక్షలు, ఇంకొకరి చెరువులో రొయ్యల పట్టుబడి. "పాటకి ముందు కావాల్సింది తీరికమ్మా. గొంతు తర్వాత సంగతి" అనేవారు అత్తగారు.

ఎనిమిది ట్రాకుల సంగతి తెలిశాక ఆవిడకు దారి దొరికింది. ముందుగా కంచు తాళాలు పట్టుకుని, పాట పొడుగునా ఉత్త తాళం వేసి ఎనిమిదో ట్రాకులో పెట్టించారు. ఆ తర్వాత ఎవరికి వీలైన రోజున వాళ్ళు వచ్చి, హెడ్‌ఫోన్లలో ఆ తాళం వింటూ తమ ట్రాకులో తాము పాడి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఒకరి ముఖం ఇంకొకరు చూసింది లేదు. కలిపి వింటే మాత్రం అందరూ ఒకే పందిట్లో చాప మీద కూర్చుని పాడుతున్నట్టే ఉండేది. ఇంట్లో మేము వాళ్ళను ట్రాకులతోనే పిలుచుకునేవాళ్ళం. ఒకటో ట్రాకు మామ్మగారు, నాలుగో ట్రాకు రావులపాలెం ఆవిడ, అలాగ.

పాట అయిపోయినా అత్తగారి తాళం ఆగేది కాదు. ఇంకొంతసేపు వేస్తూనే ఉండేవారు.

"ఏంటోయ్ అది, చోటు దండగ" అనేవారు మామగారు.

"ఎవరికైనా ఇంకో చరణం గుర్తొస్తే ఏం చేస్తారండీ? పాడేవాళ్ళు కూర్చునుండగా తాళం ముందు లేచిపోకూడదు" అనేవారు ఈవిడ.

ఒక వానాకాలంలో ఆ డిస్కు రుబ్బురోలులా మూలగడం మొదలుపెట్టింది. నేను అప్పట్లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. చూసి భయపడ్డాను. అందులోని పాటలను ఆ యంత్రం తప్ప మరే కంప్యూటరూ చదవలేదు. డిస్కు ఆగిపోతే పాటలు పోయినట్టే. క్యాసెట్టులోకి దింపేద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. "అన్నీ కలిసి పులుసైపోతాయి. మళ్ళీ విడదీయలేం, కొత్త గొంతు చేర్చలేం. ఏడో ట్రాకు ఇంకా ఖాళీగానే ఉంది కదా" అన్నారు. పైగా ఒకటో ట్రాకు మామ్మగారికి ఆ ఏడే పళ్ళు కట్టించారు. పాత గొంతు మళ్ళీ రాదు.

బజారులో దొరికే డిస్కులన్నీ నలభై గిగాబైట్లవి. మా యంత్రానికి ఎనిమిది దాటితే అసలు అరలో డిస్కు ఉన్నట్టే కనిపించదు. పోనీ చిన్నది తెద్దామంటే, పాతదానిలో ఉన్నదంతా ఎత్తి రాసుకోవాలి కాబట్టి పాతదానికన్నా చిన్నది కాకూడదు. ఈ ఇరకాటమంతా నేను కాగితం మీద గీసి చెబితే అత్తగారు తేలిగ్గా విన్నారు.

"పిల్లాడు పిల్లకన్నా కాస్త పెద్దవాడై ఉండాలి, మరీ పెద్దవాడు కాకూడదు. అంతే కదమ్మా? ఇలాంటివి బోలెడు చూశాను."

అప్పట్నుంచి ఇంట్లో ఆ వెతుకులాటకు సంబంధం చూడడం అనే పేరు స్థిరపడింది. పేరంటానికి వెళ్ళినా, పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్ళినా, ఆవిడ వాకబు ఒక్కటే. "మీ ఇంట్లో వాడకుండా పడున్న కంప్యూటరేమైనా ఉందాండి? ఏ ఏడు కొన్నారు?" కొన్న సంవత్సరమే జాతకం. ఆ ఏడాదిని బట్టి లోపల ఎంత డిస్కుంటుందో నేను అంచనా చెప్పేదాన్ని. కుదిరేలా ఉంటే ఇద్దరం ఆటోలో బయల్దేరేవాళ్ళం. యంత్రం తువ్వాలు చుట్టుకుని ఆవిడ ఒళ్ళో కూర్చునేది. అక్కడికక్కడే డిస్కు పెట్టి చూడాలని ఆవిడ పట్టు. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే" అనేవారు మామగారు అరుగు మీంచి.

యంత్రం అంత తొందరగా తల ఊపేది కాదు. ఒకదాన్ని అసలు గుర్తించలేదు. ఇంకొకటి కొలతలన్నీ సరిపోయి కూడా నెమ్మదిగా తిరగడంతో, అత్తగారు పరీక్షకని పాడిన పాట మధ్యలో ఎక్కిళ్ళు పెట్టింది. "పిల్లాడు మంచివాడే, చురుకు లేదు" అని వాళ్ళింట్లో పెట్టిన పకోడీలు తిని వచ్చేశాం. చివరకు ధవళేశ్వరంలో ఒక రిటైరైన ఇంజనీరుగారి పాత కంప్యూటర్లో సరైనది దొరికింది. యంత్రం ఒప్పుకుంది. దసరా సెలవులు కాగానే ల్యాబులో పాటలన్నీ దానిలోకి ఎక్కిద్దామనుకున్నాం.

మధ్యలో ఆయుధ పూజ వచ్చింది.

ఆ రోజు మా ఇంట్లో బొట్టు లేని వస్తువుండదు. కత్తిపీట, కుట్టుమిషను, మామగారి స్కూటరు, అన్నిటికీ గంధం, కుంకుమ. మర్నాడు కొత్త డిస్కును అరలో పెట్టి స్విచ్చి వేయగానే టప్పుమని చిన్న చప్పుడు, మాడిన గంధం వాసన.

"దీనికి కూడా బొట్టు పెట్టారాండీ?" అన్నాను.

"కొత్తగా ఇంటికొచ్చింది, దానికి మానేస్తానా?"

"ఎక్కడ పెట్టారు?"

"ముఖానికే పెట్టానమ్మా. ఒకవైపు చూస్తే ఉత్త రేకు. రెండోవైపు ఆకుపచ్చగా, కళ్ళూ ముక్కూ ఉన్నట్టు కనిపించింది. అదే ముఖం అనుకున్నాను."

కరెంటు నడిచే పలక అది. తడి గంధం దానిమీద ఆరకుండానే మేము స్విచ్చి వేశాం. "నలుగు పెట్టి తలంటలేదు, సంతోషించు" అన్నారు మామగారు. నేను నవ్వాను గానీ అత్తగారు నవ్వలేదు. సాయంత్రం కాఫీ పెట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, "తాంబూలాలు పుచ్చుకున్నాక తప్పిపోయిన సంబంధాలు లేవేంటి? ఇంకోటి చూద్దాం" అన్నారు. పాత డిస్కు మాత్రం అప్పటికే మొరాయిస్తోంది. మాటిమాటికీ స్విచ్చి వేస్తే గాని లేచేది కాదు. అది ఏ రోజు లేవకుండా ఉండిపోతుందోనని ఇద్దరం దాన్ని ముట్టుకోవడమే మానేశాం.

అప్పుడు నాలుగో ట్రాకు ఆవిడ కబురు పంపారు. రావులపాలెంలో వాళ్ళ మరిదిగారు అరటి వ్యాపారం లెక్కలకని ఎప్పుడో కంప్యూటరు కొన్నారట. దాని మీద దేవుడి పటం పెట్టి రోజూ దీపం వెలిగిస్తున్నారట. వెళ్ళి చూస్తే అచ్చంగా మాకు కావాల్సిన డిస్కే. యంత్రం మొదటిసారికే ఒప్పుకుంది.

"కుండమార్పిడి చేసుకుందామండి. మీది మాకివ్వండి, కొత్తది, ఇంతకు అయిదింతలు పెద్దది మీకు పెట్టిస్తాం" అన్నారు అత్తగారు.

ఆయన ముఖంలో అనుమానం. "ఆయ్, చిన్నది తీసుకుని పెద్దదిస్తానంటున్నారు. ఇందులో ఏదో తిరకాసుందండి. నేనివ్వనండి."

నేను గిగాబైట్ల గురించి చెప్పబోయాను. అనుమానం ఇంకా ముదిరింది. అత్తగారు నా చేయి నొక్కి, పాకలో వేలాడుతున్న గెలల వైపు చూపించారు. "కూరరటి గెల ఎంత పెద్దదైనా, తాంబూలంలో పెట్టమంటే మీరేం ఇస్తారండి?"

"చక్కెరకేళీ."

"చిన్న గెలే కదండీ?"

"చిన్నదే. అయినా తాంబూలానికి అదే ఉండాలి."

"మాదీ తాంబూలం లాంటిదేనండి" అన్నారు అత్తగారు. ఆయన కాసేపు మీసం సవరించుకుని, దేవుడి పటం తీసి పక్కన పెట్టి, "పట్టుకెళ్ళండి" అన్నారు. వెంట ఒక చక్కెరకేళీ గెల కూడా ఆటోలో పెట్టించారు.

ల్యాబులో రెండు డిస్కులనూ పక్కపక్కన తగిలించాం. కంప్యూటరుకు ఆ పాటల లిపి తెలియదు. తెలుగు రానివాడు తెలుగు పుస్తకాన్ని చూసి ఉన్నదున్నట్టు దించినట్టు, అది ఒక్కొక్క అక్షరమే దించుకుంటూ పోయింది. అత్తగారు పక్కన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బొట్టు పెట్టడానికి వీల్లేదని ముందే మాట తీసుకున్నాను. మాట తప్పలేదు. గంధం, కుంకుమ తెచ్చి ల్యాబు గుమ్మానికి పెట్టారు.

పాత డిస్కు ఆఖరి అక్షరందాకా ఓర్చుకుంది. ఇంటికొచ్చి కొత్తదాన్ని అరలో పెట్టి మీట నొక్కితే, ముందు ఆవిడ తాళం, ఆ వెనకాలే ఒకటో ట్రాకు మామ్మగారి పళ్ళు లేని గొంతు. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించారు. "ఏడో ట్రాకు నీకోసమే ఉంచాను. ఇక సాకులు చెప్పకు." నాకు పాట రాదని మొత్తుకున్నా వినలేదు. వియ్యపురాలిని వెక్కిరించే పాటను మా అత్తగారి ఎదురుగా నిలబడి, ఆవిడ తాళానికే పాడాను. ఆవిడ నవ్వుతున్న చప్పుడు కూడా నా ట్రాకులో పడింది. తీసేయమంటే తీయలేదు. తర్వాత అందరికీ ఒక్కొక్క క్యాసెట్టు చేసి పంపించారు. అవి ఆ ఇళ్ళలో అరిగిపోయేదాకా మోగాయట.

పెద్దకర్మ నాడు ట్రాకుల ఆడవాళ్ళందరూ వచ్చారు. ఒకరికొకరు ముఖపరిచయం లేదు కాబట్టి భోజనాల దగ్గర ముభావంగానే ఉన్నారు. తర్వాత మేడ మీది గదిలో కూర్చోబోతూ ఒకావిడ, "కాస్త జరుగుతారాండి" అంది. మూలనున్న మామ్మగారు చటుక్కున తలెత్తారు. "నువ్వు రెండో ట్రాకు కదూ?"

అంతే. గది గదంతా మాటల్లో పడింది. "మీరు అయిదు కదండీ?" "ఆ చివర రాగం తీసేది మీరేనా?" ఎన్నో ఏళ్ళుగా కలిసి పాడుతున్నవాళ్ళు అప్పుడు కలుసుకున్నారు. మామగారు మెల్లగా వచ్చి యంత్రం ముందు కూర్చున్నారు. ఏం పెట్టమంటారని అడిగితే, కర్మ నాడు పెట్టదగ్గ పాటేదీ మాకు తట్టలేదు. అన్నీ నవ్వులాట పాటలే మరి.

"ఏడుపు పాటలేవీ ఆవిడ రికార్డు చేయలేదమ్మా. ఉన్నవే పెట్టుకోవాలి" అన్నారాయన.

వియ్యపురాలి పాట పెట్టారు. వరసగా ఏడు మీటలు నొక్కి మా ఏడు గొంతులూ ఆపేశారు. "మీరంతా ఎదురుగానే ఉన్నారు కదా. ఆవిడదొక్కటే ఉంచాను" అన్నారు.

తాళం మొదలైంది. యంత్రం అద్దంలో ఎనిమిదో గీత ఒక్కటే ఆకుపచ్చగా లేస్తూ పడుతోంది. ఒకప్పుడు ఆ గదిలో ఒక్కొక్కరమే నిలబడి చెవుల్లో విన్న తాళం అది. ఏడుగురమూ ఒక్కసారిగా అందుకున్నాం. వెక్కిరింత మాటలు వచ్చినచోట గొంతులు కాస్త వణికాయి గానీ ఎవరూ ఆపలేదు.

పాట అయిపోయింది. తాళం ఆగలేదు. మామగారి వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. ఏం చేయాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ ఉండగా, మామ్మగారు కొంగుతో మూతి తుడుచుకుని, మాలో ఎవరూ వినని ఇంకో చరణం ఎత్తుకున్నారు.