అక్క కణాల్లో ఎర్ర చుక్కలు

ల్యాబులో అందరూ ఆవిడను చుక్కలమ్మ అంటారు. చీకటి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని, కేన్సర్ కణాల కేంద్రకాల్లో మెరిసే ఎర్ర చుక్కలు లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో గుర్తుండదు గానీ ఈ లెక్క మాత్రం తప్పదని మొగుడు ఆటపట్టిస్తుంటాడు.

ఒక్కో చుక్క ఒక జన్యువుకు ఒక్కో నకలు. మామూలుగా కేంద్రకానికి రెండుంటాయి. కొందరి జబ్బులో ఆ జన్యువు అదుపు తప్పి పెరిగి, చుక్కలు గుత్తులు కడతాయి. అలాంటివాళ్లకు ఒక ఇంజెక్షన్ పనిచేస్తుంది. మిగతావాళ్లకు చేయదు.

తల్లి పోయాక ఆవిడకు జడలేసి బడికి పంపింది అక్కే. ఆ అక్కకు ఇప్పుడు కేన్సర్. మందులన్నీ వాడి చూశారు, ఈ ఇంజెక్షన్ ఒక్కటే మిగిలింది. ఇంటివాళ్ల స్లైడు ముట్టుకోకూడదని ల్యాబు నియమం. అక్క స్లైడు వస్తే ఆవిడ ఎవరికీ చెప్పకుండా ముట్టుకుంది. ఎవరికైనా మనసు ఊరుకుంటుందా?

కేంద్రకాలు ఉబ్బిపోయి, అంచులు నొక్కుకుపోయి వికారంగా ఉన్నాయి. ఇంత పాడైనవాటిలో చుక్కలు పెరగకుండా ఎలా ఉంటాయని ఆశపడింది. ఎంత వెతికినా రెండు, మహా అయితే మూడు. ఒకదాని మీద ఒకటి పడిన కేంద్రకాలను లెక్కలోకి తీసుకోకూడదు, రెండింటి చుక్కలూ ఒకదానివే అనిపిస్తాయి. ఈ మాట కొత్తవాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరేది ఆవిడే. ఆ రోజు ఏరి ఏరి అవే లెక్కపెట్టింది. లెక్క బ్రహ్మాండంగా వచ్చింది.

కానీ ఏ స్లైడునైనా రెండో మనిషి విడిగా లెక్కపెట్టాల్సిందే. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నతను లెక్క ముగించి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మేడమ్, మీరు విడి కణం ఒక్కటీ తీసుకోలేదు. ఎవరిదిది?"

"మా అక్కది."

మళ్లీ ఇద్దరం కలిసి చూద్దామా అని అడిగాడతను. ఆవిడ వద్దంది. చూడటానికి ఏముందని? తన లెక్క తనే కొట్టేసింది. కొట్టేస్తుంటే ఏడుపు ఆగలేదు.

సాయంత్రం అక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఎదురుచూస్తోంది.

"గుత్తులున్నాయా?"

"లేవక్కా."

ఇంకోచోట పరీక్ష చేయించమని బావ పోరుతున్నాడట, ఆ మాట చెప్పి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

"ఇంక వేరేచోట ఎందుకులే. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక" అంది అక్క. దిండు తీయించుకుని వెల్లకిలా పడుకుంది.