నువ్వే తేవాల

మా యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటర్ దగ్గర నా పక్క కుర్చీ ఆయనది. సొంతూరు వజ్రపుకొత్తూరు దగ్గర. పిల్లలూ నేనూ అందరం మావా అనే పిలిచేవాళ్లం.

గడువు తేదీ ముద్ర కొట్టాక పుస్తకం ఇస్తూనే ఓ క్షణం వదలకుండా పట్టుకునేవాడు. "నువ్వే తేవాల. ఇంకెవల సేతా పంపీకు." స్నేహితుడి పుస్తకం తెచ్చినవాణ్ణి, సోంపేట నుంచి బస్సులో వచ్చినా సరే, వెనక్కి పంపేసేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇది ఏ రూల్లో ఉంది మావా అంటే, "సదివినోడి మొకం సూడాల గదేటి!" అనేవాడు.

కిడ్నీలు పాడై, పలాసలో డయాలసిస్ మొదలయ్యాక సెలవు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ తన పేరు మీద ఓ నవల తీసుకున్నాడు. ముద్ర కొట్టి, ఈసారి నేను పట్టుకున్నాను.

"నువ్వే తేవాల మావా."

"నానే తెత్తాను, సూడు," అని నవ్వాడు.

మొన్న వాళ్లావిడ వచ్చింది. తువ్వాల్లో చుట్టిన నవల తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఆయనే తేవాల గానీ బాబూ... పోయే ముందురోజు కూడా నానే తీసుకెల్తానన్నాడు."

స్కాన్ చేశాను. పుస్తకం వచ్చేసిందని చూపించింది కంప్యూటర్. ఎవరు తెచ్చారని అది అడగలేదు.