వంకర నోటి వారి వియ్యం

అమెరికా వచ్చి పార్సిప్పనీలో మొదటి ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నాకు చేతకానివి రెండే: కారు నడపడం, నోరు మూసుకోవడం. మొదటిది తర్వాత నేర్చుకున్నాను. రెండోది రాకపోవడం వల్ల ఒక సాయంత్రం ఏం జరిగిందో గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఉన్నట్టుండి "ఛీ!" అంటాను. మా ఆయన తననే అన్నానేమోనని పక్క గదిలోకి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళుగా అలా వెళ్ళిపోతూనే ఉన్నారు పాపం.

అప్పట్లో నేను పిన్నీ బాబాయిల అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. బాబాయికి ఇంటిపేర్ల పిచ్చి. ఎవరింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్‌లక్ జరిగినా, కొత్త మొహం కనిపిస్తే చాలు, "ఇంటిపేరేమిటండీ, అసలు మీదే ఊరు?" అని మొదలుపెట్టి, వాళ్ళ తాతగారి మేనత్త దాకా వెళ్ళి ఏదో ఒక వరస కలిపేదాకా వదిలేవాడు కాదు. ఈలోపు పూరీలు చల్లారిపోయేవి. పిన్ని పళ్ళు నూరేది. నేను మాత్రం అదంతా గొప్ప విద్య అనుకుని నోరు తెరుచుకుని వినేదాన్ని (తెరవడం ఎప్పుడూ బాగానే వచ్చు).

నాకు కారు లేదు కాబట్టి రోజూ ఆఫీస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేది మా మేనేజరమ్మ. ఆవిడది మా పక్క కాంప్లెక్సే. వాళ్ళ తాతముత్తాతలు స్కాట్లండ్ నుంచి వచ్చారు, ఇంటిపేరు క్యాంబెల్. చిన్నప్పుడే తల్లి పోతే నాయనమ్మే పెంచిందట. నాకు హైవే మీద భయమేస్తే పాటలు పాడేది, నా టిఫిన్ డబ్బాలో గోంగూర ఉందంటే అద్దాలు దించుకుని మరీ సహించేది. ఈ దేశంలో నాకు మొదటి స్నేహితురాలు ఆవిడే.

మా ఆఫీసులోనే మూడో అంతస్తులో అకౌంట్స్ చూసే పొడుగాయన ఒకాయన ఉండేవాడు. మెడలో బ్యాడ్జి మీద ఆయనకీ క్యాంబెల్ అనే ఉండేది. ఇద్దరూ కలిసి లంచ్‌కి వెళ్ళేవాళ్ళు. ఒకే ఇంటిపేరు, ఒకే ఆఫీసు, ఇంకేముంది, అన్నాచెల్లెళ్ళని నేను తీర్మానించేశాను. ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది? చెల్లెల్ని అంత ప్రేమగా చూసుకునే అన్నయ్య ఉన్నాడని లోలోపల మురిసిపోయాను కూడా.

ఒకరోజు కార్‌లో మేనేజరమ్మ సిగ్గుపడుతూ తామిద్దరం పెళ్ళి చేసుకుంటున్నామని చెప్పింది. ఇంటిపేరు మార్చుకునే శ్రమ కూడా లేదు, ఆఫీసులన్నీ తిరిగే పని తప్పింది అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో చూసుకుందామంటే అద్దం ఆవిడ వైపు తిరిగి ఉంది. అన్నాచెల్లెళ్ళు కారని నాకూ తెలిసింది కానీ, ఒకే ఇంటిపేరు వాళ్ళకి పెళ్ళేమిటన్న ముల్లు మాత్రం గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. శనివారం అబ్బాయి తల్లిదండ్రులు మొదటిసారి నాయనమ్మని చూడటానికి ఆవిడ ఇంటికి డిన్నర్‌కి వస్తున్నారట. నాయనమ్మకి ఎవరూ ఓ పట్టాన నచ్చరట. ఆవిడకి నచ్చని పెళ్ళి తను చేసుకోదట. "నా వైపు అమ్మ లేదు. నువ్వు వచ్చి నా పక్కన కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది," అంది. అదీ నామీద ఆవిడ పెట్టుకున్న నమ్మకం.

ఇంటికొచ్చి బాబాయికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"ఒకే ఇంటిపేరా? వరస కుదరదు కదే! పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు? తెలిసీ చెప్పకపోతే ఆ పాపం నీకూ చుట్టుకుంటుంది," అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. క్యాంబెల్ అంటే వాళ్ళ పాత గేలిక్ భాషలో వంకర నోరు అట. ఏ మూలపురుషుడికో నోరు వంకరగా ఉంటే పెట్టిన ఎగతాళి పేరు వంశానికంతటికీ నిలిచిపోయిందట. స్కాట్లండ్‌లో వీధికో క్యాంబెల్ ఉంటారట. "చూశావా, మూలపురుషుడు ఒక్కడే!" అని బాబాయి బల్ల గుద్దాడు. సరిగ్గా అప్పుడే పిన్ని భోజనానికి పిలిచింది. ఆ పేజీలో కింద ఇంకో రెండు పేరాలున్నాయి. వంకాయ కూర చల్లారిపోతుందని మేము చదవలేదు.

శనివారం నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. బల్లకి ఒకవైపు నాయనమ్మ, మేనేజరమ్మ, నేను. ఎదురుగా పొడుగాయన, వాళ్ళ అమ్మానాన్నలు. అంతా బాగానే జరుగుతోంది. నాయనమ్మ రెండుసార్లు నవ్వింది కూడా. మేనేజరమ్మ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. అంతలో అబ్బాయి తండ్రి మర్యాదకి, మీ దేశంలో పెళ్ళిళ్ళు ఎలా కుదురుస్తారు అని నన్నడిగాడు. వాతావరణం గురించి చెప్పి తప్పించుకోవచ్చు. పులిహోర గురించి చెప్పొచ్చు. నేను గొంతు సవరించుకున్నాను.

"మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళతో సమానమండీ. పెళ్ళి చేసుకోరు. మీ రెండు కుటుంబాలూ ఎన్ని తరాల కిందట విడిపోయాయో చూసుకున్నారా?"

బల్ల కింద నా చేతిలోంచి ఆవిడ చెయ్యి మెల్లిగా వెళ్ళిపోయింది. అక్కడైనా ఆగలేదు. నిశ్శబ్దం నింపాలి కదా అని వంకర నోరు సంగతి కూడా చెప్పేశాను.

అబ్బాయి తండ్రి ఎర్రబడ్డాడు. తమ క్యాంబెల్ అలాంటిది కాదట. దాని అర్థం అందమైన పొలమట, తమకి వీళ్ళతో ఏ సంబంధమూ లేదట. నాయనమ్మ ఫోర్కు కింద పెట్టి, పొలమూ లేదు గట్టూ లేదు, పొలమన్నది గొప్పలకి పోయినవాళ్ళు తర్వాత అల్లుకున్న కథ, ఉన్నది వంకర నోరేనంది. పొడుగాయన సర్దబోయాడు. ఆ రోజుల్లో దొర భూమిలో బతికే రైతులు కూడా రక్షణ కోసం దొర ఇంటిపేరే పెట్టుకునేవాళ్ళనీ, అందుకే అంతమంది ఉన్నారనీ, రక్తసంబంధం ఉండాల్సిన పని లేదనీ చెప్పాడు. (బాబాయీ నేనూ చదవని రెండు పేరాలూ అవే.) దానికి తండ్రి ఇంకా మండిపడ్డాడు, మేము పాలేర్లమా అని. మేనేజరమ్మ కళ్ళనిండా నీళ్ళు. నేను పట్టుచీర కొంగుతో సహా భూమిలోకి దిగిపోవాలనుకున్నాను. ఆ ఇంట్లో కార్పెట్ తప్ప భూమి కూడా లేదు.

చివరికి నాయనమ్మే గట్టిగా నవ్వింది. "అయితే మనందరం ఎవరో దొర పంచన తలదాచుకున్న వాళ్ళమే. మంచిదే. ఒకచోట తలదాచుకున్న వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు," అంది. తర్వాత బిస్కెట్ల పళ్ళెం నా ముందుకి తోసి, "నువ్వు తిను తల్లీ. తింటూనే ఉండు," అంది. తిన్నాను. వెన్న బిస్కెట్లు. ఏ రుచీ తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు మేనేజరమ్మ పాట పాడలేదు. సోమవారం పొద్దున ఇక రాదనే అనుకున్నాను. ఈ దేశంలో నాకున్న ఒక్క స్నేహాన్నీ నా చేతులతోనే పాడుచేసుకున్నానని ఏడ్చి ఏడ్చి, నడిచిపోదామని బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. కారు వచ్చి ఆగింది.

"సీట్ బెల్ట్ పెట్టుకో," అంది. కాసేపటికి, రోడ్డు మీదే చూపు పెట్టి, "నాయనమ్మ ఒప్పుకుంది. నువ్వు కూడా పెళ్ళికి రావాలట. నీకు భోజనాల బల్ల పక్కనే సీటు వెయ్యమంది," అంది. క్షమించమని అడగబోతే, ఇప్పుడు కూడా మాట్లాడాలా అన్నట్టు చూసింది. హైవే ఎక్కాక మాత్రం సన్నగా పాట మొదలుపెట్టింది.

ఇప్పుడు హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉంటున్నాం. ఆవిడ ఫోన్ చేయని వారం లేదు. మా అమ్మాయికి పుట్టినప్పటినుంచీ ఆవిడ ఆంటీయే. మొన్న మా అమ్మాయి తనుండే చాండ్లర్ నుంచి వచ్చింది. వస్తూనే ఒక డబ్బా తెరిచి నా చేతిలో వెన్న బిస్కెట్ పెట్టింది. నేను కొరికాక, "అమ్మా, ఐ మెట్ సమ్‌వన్. తెలుగే. వాళ్ళ లాస్ట్ నేమ్ కూడా మనదే. సో నేను పేరు చేంజ్ చేసుకోక్కర్లేదు," అంది.

ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎన్ని తరాల కిందట... అన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. సాక్షాత్తూ బాబాయే నా గొంతులో కూర్చున్నాడు. నోట్లో బిస్కెట్ ఉండబట్టి మాట బయటికి రాలేదు.

"ఆంటీకి ఫస్ట్ చెప్పా," అంది మా అమ్మాయి భయం భయంగా నా మొహంలోకి చూస్తూ. "షీ సెడ్, మీ అమ్మకి ముందు ఏదైనా తినిపించు, తర్వాత చెప్పు అని."

సిగ్గేసింది. నాకు చెప్పడానికి నా కూతురే భయపడిందంటే, ఆ పట్టుచీర పిల్ల ఇంకా నాలో ఎంత భద్రంగా ఉందో. అయినా ఆ పిల్లని తలుచుకుంటే నవ్వూ వచ్చింది. పక్క గదిలోంచి మా ఆయన తొంగిచూశారు. నేను ఏమీ అనలేదు. డబ్బాలోంచి ఇంకొకటి తీసుకుని, మా అమ్మాయిని పక్కన కూర్చోమని సైగ చేశాను.