మైనంలో పిడికిలి

పోస్టుకు చేరిన రోజు గాలి లేదు. అది ఎంత పెద్ద అదృష్టమో తర్వాత తెలిసింది. ఉదయం ఆరింటికి కింది క్యాంపు వదిలాం. ఒకే తాడుకు అందరం కట్టుకుని నడిచాం. కుడి పక్క మంచు గోడ, ఎడమ పక్క లోయ. వీపు మీద స్లీపింగ్ బ్యాగు, రేషను, రైఫిలు, నడుముకు మంచు గొడ్డలి. మధ్యాహ్నం దాటాక పైకి చేరాం. పోస్టు అంటే కోట అనుకోకండి. తెల్లటి ఫైబర్ గుడిసెలు రెండు, ఇసుక బస్తాల బంకరు, వంటకు ఒక టెంటు. పది మందిమి కూడా లేము. ఏ సెక్టారని మా రేగొండలో ఇప్పటికీ అడుగుతారు. చెప్పను.

నా సామాను మూటకు కట్టిన తాడు గడ్డకట్టింది. మూడు జతల తొడుగులు వేసుకున్న చేతులతో ముడి విప్పడం అయ్యే పని కాదు. వంట టెంటులోంచి ఒకతను తల బయటపెట్టాడు. కత్తి కావాలని హిందీలో అడిగాను. తెచ్చాడు. నేను చెయ్యి చాపాను. అతను ఇవ్వలేదు. నా ముందున్న కిరోసిన్ డబ్బా మీద కత్తి పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

మా దిక్కు ఇళ్లలో కత్తిని చేతికి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట అవుతుందంటారు. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. ఫౌజులో నేర్పేది దీనికి తలకిందులు. పిడి ముందుకు పెట్టి అవతలివాడి చేతిలో ఉంచాలి, అతను పట్టుకున్నాకే వదలాలి. అన్నేళ్ల ట్రైనింగు కూడా అతనిలోంచి ఇంటి అలవాటును తీయలేకపోయింది. నేను డబ్బా మీంచి కత్తి తీసుకుని తెలుగులో అడిగాను.

"ఏ ఊరు నీది?"

"దేవరుప్పుల కాడ తండా అన్న. నీది?"

"రేగొండ."

"రేగొండనా? గట్లయితే పక్కపక్కనే," అన్నాడు.

పక్కపక్కనేం కాదు. అతనిది జనగామ జిల్లా, నాది భూపాలపల్లి. మధ్యలో వరంగల్ మొత్తం ఉంది. కానీ ఆ మంచులో నిలబడి చూస్తే పక్కపక్కనే.

అతను పోస్టు వంటవాడు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, నాతో తెలుగు, మిగతా అందరితో హిందీ. పేరు చివర నాయక్ అని ఉండేది. ఫౌజులో నాయక్ అంటే సిపాయి కంటే పై హోదా, అతను మాత్రం సిపాయి. "నేను పుట్టుకతోనే నాయక్‌ని, ప్రమోషన్ తర్వాత ఇయ్యుండ్రి," అని సుబేదార్ సాబ్‌కే చెప్పేవాడు. మేమంతా నాయక్ అనే పిలిచాం.

ఇక నా సంగతి. ఊళ్లో అందరూ తుపాకుల గురించి అడుగుతారు. నాకున్నది కత్తుల పిచ్చి. కంపెనీ కత్తులు కాదు. ఒక మనిషి కొలిమి ముందు కూర్చుని, ఒక చెయ్యి కోసం చేసిన కత్తి కావాలి. ఎక్కడికి బదిలీ చేసినా ముందు అక్కడి కమ్మరిని వెతుక్కునేవాణ్ణి. మా ఇంటి గోడకు వరసగా ఉంటాయి. గీత కార్మికుల వంపు కత్తి ఉంది, ఎడారి ఒంటెలవాళ్లది ఉంది, కొండవాళ్ల బరువు కత్తి ఉంది. మా ఆవిడ ఆ గోడ వైపు చీపురు కూడా తీసుకుపోదు. అన్నిట్లో నాకు ఇష్టమైనది మాత్రం గోడకు ఉండదు, నాతోనే తిరిగేది. గంగారం అడవి పక్కన ఒక ముసలి కమ్మరి చేశాడు. లారీ కమాన్ పట్టీ సాగగొట్టి, తునికి చేవతో పిడి వేశాడు. దాన్ని పోస్టుకు తెచ్చుకోవడానికి సుబేదార్ సాబ్‌ను అడిగితే, "వంటింటి సామాను కింద రాసుకుంటా, నా కంట పడనివ్వకు," అన్నాడు.

వంటింటి సామాను కాబట్టి వంటింట్లోనే ఉంది. అలా నాయక్ దాన్ని వాడటం మొదలుపెట్టాడు. వాడిన ప్రతిసారీ నా ముందు పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి. నాకు కావాలంటే నేను పెట్టేవాణ్ణి, అతను తీసుకునేవాడు. రేడియో ఆపరేటర్ ఇది చూసి నవ్వేవాడు. "మీ ఇద్దరూ కత్తికి పూజ చేస్తున్నారా?" అనేవాడు. చేతికిస్తే ఏమవుతుందో నాయక్ అతనికి చెప్పాడు. "ఇక్కడ కొట్లాడటానికి కూడా ఊపిరి చాలదు, ఇచ్చెయ్యండి," అన్నాడు ఆపరేటర్. మేము ఇవ్వలేదు.

ఒక పొద్దున సున్నాకు ముప్పై డిగ్రీల కింద ఉంది. నాయక్ ఉల్లిగడ్డ మీద కత్తి వేశాడు. ఉల్లిగడ్డ పగల్లేదు. కత్తి అంచు వేలిగోరంత విరిగి ఎగిరిపోయింది. నాయక్ కత్తిని బల్ల మీద పెట్టి, ఆ ముక్క కోసం నేలంతా తడిమాడు.

"అన్న, నీ పానం తీసినట్టయింది కదా."

అయింది. అబద్ధం ఎందుకు. కానీ తప్పు అతనిది కాదు. ఆ కత్తి మన అడవికి చేసింది. వెదురు, ఎముక, ఎండిన చండ్ర కట్టె, వీటికోసం దాన్ని గట్టిగా కాల్చి నీళ్లలో ముంచారు. ఆ గట్టితనమే చలిలో గాజులా మారింది. ఇంకో లోపం కూడా ఉంది. పిడి మొదట్లో ఇత్తడి కట్టు వేశాడు, అందానికి. ఒట్టి చెయ్యి తగిలితే చర్మం దానికే అంటుకుని ఊడొచ్చేది.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక పని దొరికింది. మంచు చోటికి కత్తి ఎలా ఉండాలి? అంచు కాస్త మెత్తగా ఉండాలి. వంగినా పర్వాలేదు, విరగొద్దు. పిడి మీద ఎక్కడా ఇనుము కనపడొద్దు. తొడుగుతో పట్టినా జారొద్దు. స్టవ్ ముందు కూర్చుని గంటలు గంటలు ఇదే మాట. నాయక్‌కు ఇంకో లెక్క కూడా ఉంది. నౌకరీ అయ్యాక జనగామ రోడ్డు మీద బిర్యానీ హోటల్ పెడతాడు. మాంసం తనే కోస్తాడు.

"గప్పుడు గా కత్తి చూసే జనం రావాలె అన్న. నాదని చెప్పుకునే వస్తువు ఒక్కటన్న ఉండాలె. గీడ అన్నీ సర్కారువే, బూట్ల లేసు సుత."

నా సెలవు దగ్గరపడింది. నాయక్ కత్తి చేయించుకొస్తానని మాటిచ్చాను. గంగారం కమ్మరికి ఒక పద్ధతి ఉంది. కత్తి అడిగినవాళ్ల చేతిలో తడి పుట్టమన్ను పెట్టి, పిడికిలి బిగించమంటాడు. ఆ ముద్ద ఆరాక, దాన్ని చూసి పిడి చెక్కుతాడు. నాయక్ చెయ్యి గంగారం రాదు కదా. పుట్టమన్ను మంచులో దొరకదు కదా. గోధుమపిండి ముద్ద పిసికించాను. బయట పెడితే రాయిలా అయింది. భేష్ అనుకుని లోపలికి తెస్తే మళ్లీ చపాతీకి పనికొచ్చేలా తయారైంది. నాయక్ దాన్ని నిజంగానే చపాతీ చేసి నాకు పెట్టాడు.

"నా చెయ్యి తిన్నవ్ అన్న," అన్నాడు.

చివరికి కొవ్వొత్తులు కరిగించాం. మైనం గోరువెచ్చగా ముద్దయ్యాక నాయక్ తొడుగులు తీసి, కుడి చేత్తో పట్టుకుని గట్టిగా పిడికిలి బిగించాడు. విప్పితే నాలుగు వేళ్ల గాడులు, బొటనవేలి గుంట, అరచేతి గీతలు. పొట్టి వేళ్లు, లావు వేళ్లు. ఆ ముద్దను ఉన్ని సాక్సులో చుట్టి మెస్ టిన్నులో పెట్టుకున్నాను.

మానుకోట స్టేషన్‌లో దిగి ఇంటికి కూడా పోలేదు. గూడూరు, కొత్తగూడ మీదుగా గంగారం బస్సెక్కాను. కమ్మరి విరిగిన కత్తిని ఎండలో తిప్పి తిప్పి చూశాడు.

"దేన్ని కొట్టినవ్ బిడ్డా?"

"ఉల్లిగడ్డను, తాత."

"ఉల్లిగడ్డకు నా కత్తి ఇరిగిందా? గీ మాట ఎవలకన్న చెప్తే నా కొలిమి మూసుకోవాలె."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చలి సంగతి చెబితే ఊ కొట్టాడు, అంతే. కానీ కత్తి చేశాడు. నీళ్లలో కాకుండా నూనెలో ముంచాడు, మళ్లీ సన్నసెగ మీద కాచాడు. నా తొడుగు ఒకటి తీసుకుని దాని మందం వేళ్ల మధ్య నలిపి, మైనం గాడుల కంటే పిడిని కాస్త సన్నగా చెక్కాడు. ఇనుము ఎక్కడా బయటికి లేదు. తీసుకుని పట్టుకుంటే నా చేతికి కుదరలేదు. నా చిటికెన వేలు గాడి బయట పడింది. అప్పుడే తెలిసింది కత్తి సరిగ్గా వచ్చిందని.

"గీ మైనం ముద్ద నాకెందుకు, తీస్కపో," అన్నాడు. రేగొండలో ఇంట్లో పెట్టి, కత్తి మాత్రం తీసుకుని బయలుదేరాను.

కింది క్యాంపులో ఎత్తుకు అలవాటు పడేదాకా ఆపుతారు. చేరిన సాయంత్రమే రేడియో అడిగి తీసుకున్నాను.

"నాయక్‌కు చెప్పు, సామాను తయారైందని. ఓవర్."

గరగర మధ్య ఆపరేటర్ గొంతు వచ్చింది. "ఉస్తాద్, నాయక్ పైన లేడు. కిందికి పంపించాం. ఓవర్."

నాయక్ స్టవ్‌లో కిరోసిన్ పోస్తుంటే డబ్బా జారి కుడి చేతి తొడుగు తడిసింది. అంత చలిలోనూ కిరోసిన్ గడ్డకట్టదు. నీళ్లకంటే చల్లగా, నీళ్లలా పారుతూ లోపలికి ఇంకుతుంది. అతను తొడుగు మార్చకుండా ముందు స్టవ్ వెలిగించాడు. డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు చాయ్ కావాలి కదా. ఆ తర్వాత తుఫాను, హెలికాప్టర్ రాలేదు. వచ్చేసరికి వేళ్లు నల్లబడ్డాయి. ఇదంతా కింది క్యాంపు నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. ఏ దవాఖానకు తీసుకుపోయారో అతనికీ తెలియదు.

నేను పైకెక్కాను. టూర్, అంటే పోస్టులో ఉండాల్సిన గడువు, ఇంకా చాలా మిగిలింది. కొత్త వంటవాడు వచ్చాడు, మంచివాడు. కత్తి అడిగితే నా అరచేతిలో పెట్టేవాడు. మొదటిసారి నా చెయ్యి వెనక్కి పోయింది. తర్వాత అలవాటైంది. అతనితో కొట్లాట కాలేదు. మాటలు ఉంటే కదా కొట్లాట.

తెలుగు మాట్లాడేందుకు ఎవరూ లేరు. ఇంటికి ఫోన్ చేసే వంతు ఎప్పుడో వచ్చేది. లైన్ తెగిపోయాక కూడా రిసీవర్ పట్టుకుని ఇంకో నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. వెనక లైన్లో నిలబడ్డవాడు ఏమీ అనేవాడు కాదు. తుఫాను రోజుల్లో గుడిసెలోంచి బయటికి రావడమే ఉండదు. అప్పుడు నాయక్ కత్తి తీసి పట్టుకునేవాణ్ణి. నా చిటికెన వేలు బయటే ఉండేది. ఒంటరితనం అంటే ఏమిటని మీరెవరైనా అడిగితే నాకు తెలిసింది అంతే. పక్కన మనుషులున్నారు, అన్నం పెడుతున్నారు, ప్రాణానికి ప్రాణం అడ్డం వేస్తారు. అయినా నాకు ఏడుపొచ్చేది.

టూర్ అయ్యాక జనగామలో రైలు దిగాను. ఎండ మొహం మీద కొట్టింది. దేవరుప్పుల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. తండా మొదట్లోనే నాయక్ రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లోపలికి లంబాడీలో ఏదో కేకేశాడు. వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చింది. నేను చెయ్యి వైపు చూడకుండా మొహం వైపే చూశాను. అతనికి అర్థమైంది.

"చూడు అన్న, ఏం కాదు," అని కుడి చెయ్యి నా ముందు పెట్టాడు.

బొటనవేలు ఉంది. మిగతా నాలుగూ మొదళ్ల దాకే ఉన్నాయి.

సంచిలో కత్తి ఉంది. తీయాలా వద్దా అని రైల్లో దారంతా ఆలోచించాను. మాటిచ్చాను. అది అతనిది, నా గోడకు తగిలించే వస్తువు కాదు. తీసి, గుడ్డ విప్పి, మా పద్ధతి ప్రకారం పక్కనున్న మంచం మీద పెట్టి వెనక్కి జరిగాను.

నాయక్ వంగాడు. ఎడమ చెయ్యి వాడలేదు. కుడి చేత్తోనే తీయబోయాడు. పిడి బొటనవేలి కింద జారింది. మళ్లీ పట్టాడు. కత్తి మంచం నులక మీద అటూ ఇటూ దొర్లింది. వాళ్లావిడ లోపలికి వెళ్లిపోయింది.

"కింద పెట్టకు అన్న," అన్నాడు. "చేతికియ్యి."

"కొట్లాట అయితది."

"కానియ్యి. కొట్లాడుదాం. గట్లన్న నువ్వు మల్ల వస్తవ్."

కత్తి తీసి అతని అరచేతిలో పెట్టాను. ఫౌజులో నేర్పినట్టు, పట్టు దొరికేదాకా వదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. నాలుగు గాడులూ ఖాళీగా ఉన్నాయి. పట్టు దొరకలేదు. కాసేపటికి అతనే ఎడమ చెయ్యి కింద పెట్టి, "ఇడువు అన్న," అన్నాడు.

అన్నం తిన్నాం. హోటల్ సంగతి అడిగాను. వచ్చే ఏడు పెడతానన్నాడు, కోసేది వాళ్లావిడ, కౌంటర్ మీద తను. కత్తి వెనక గోడకు తగిలిస్తాడట. బస్సెక్కేదాకా పక్కనే నిలబడ్డాడు. నేను మళ్లీ వెళ్లాను, రెండుసార్లు. ఇద్దరం ఇంతవరకు కొట్లాడలేదు.

మైనం ముద్ద సంగతి అతనికి చెప్పలేదు. మా ఇంట్లోనే ఉంది. చలికాలం అల్మారాలో ఉంటుంది. భూపాలపల్లి ఎండలు మీకు తెలుసు. శివరాత్రి దాటగానే దాన్ని తీసి ఫ్రిజ్‌లో, కరివేపాకు పక్కన పెడతాను. మొదటి ఏడు మా ఆవిడ, "గిదేంది, గీడ పెట్టినవ్," అని అడిగింది. చెప్పాను. ఇప్పుడు నేను మరిచినా ఆమె పెడుతుంది. నిన్న తీసి చూశాను. నాలుగు గాడులు, బొటనవేలి గుంట, చూపుడు వేలి కొసన సన్నటి గీతలు. అయిదు వేళ్లూ అట్లాగే ఉన్నాయి.