వానను దాటిపోయిన మోపెడ్

మదనపల్లెలోని మా అద్దింట్లో బీరువా మీదున్న నల్ల గొంగడిని మిద్దెమీద ఆరేస్తే, నాలుగు చినుకులు తగలగానే ఇల్లంతా గొర్రెల వాసన. ఓనరమ్మ ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం మా ఇంట్లోవాళ్లు మబ్బుల వెంటపడ్డ చరిత్రంతా గుర్తుకొస్తుంది.

తుఫాన్ల వెనక కార్లేసుకుని తిరిగేవాళ్లను టీవీలో చూపిస్తుంటారు. వాళ్లది సాహసం, మాది మేత. పుంగనూరు పక్క మెట్టపల్లెలో గొర్రెలున్న ఇల్లు మాది. వాన ఎక్కడ పడితే అక్కడ వారంలో పచ్చిక లేస్తుంది, ముందు చేరిన మందకు కడుపు నిండుతుంది. తాత మెరుపు దిక్కు చూసుకుని నడిచి పోయేవాడు. ఆయన చేరేసరికి నేల ఆరిపోయి, ఊరివాళ్లు ఆ వాన సంగతి మాట్లాడుకోవడం కూడా మానేసి ఉండేవాళ్లట. తర్వాత చిన్నాయనకు పాత మోపెడ్ దొరికి, శాస్త్రం ముందుకు సాగింది. తడిసిన నేలలో పుల్ల గుచ్చేవాడు: జానెడు దిగితే మందను తోలుకురావచ్చు, నాలుగు వేళ్లే దిగితే దుమ్ము అణిగిందని సంతోషించి వెనక్కి రావచ్చు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, గొర్రెలు ఆకలికి మా కొట్టం మీద కప్పిన బోదగడ్డిని కూడా లాక్కుని తింటున్న రోజులు. శుక్రవారం లోపల వాన పడిన నేల దొరక్కపోతే మందను సంతకు తోలేస్తానని తాత తేల్చేశాడు. బుధవారం మధ్యాహ్నం కుప్పం దిక్కున మబ్బు లేచింది. చిన్నాయన నన్ను వెనక కూర్చోబెట్టుకుని, గొంగడి కప్పి బయల్దేరాడు. దారిలో ఎవరిని అడిగినా ఒకటే మాట:

"ఈడ సుక్క ల్యాదప్పా, ముందర పడిందంట."

ముందుకు పోతే ఇంకా ముందర. పలమనేరు దాటాక ఒక బీడులో చిన్నాయన పుల్ల గుచ్చితే పుల్లే విరిగింది. అక్కడే కూలబడ్డాడు. నా వేరుశెనక్కాయల పొట్లం ఆయన ముందు పెట్టాను.

"నువ్వే తిను పాపా. ఇంట్లో ఒకరికన్నా మేత దొరికింది," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే, వాకిలంతా బురద. రోలు నిండా నీళ్లు. అవ్వ చెంగు పిండుకుంటూ ఉంది.

"వాన మీకోసమే వొచ్చిందప్పా. యాడికో పోయినారని చెప్తి. ఇంత రోట్లో పోసేసి పాయ."

చిన్నాయన ఇంకో పుల్ల తెచ్చి గుచ్చాడు. జానెడు దాటి దిగింది. ఆ శుక్రవారం సంత మా మంద లేకుండానే జరిగింది. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ గొర్రెలే. నాకంటే అవే ఎక్కువ కష్టపడ్డాయి.

ఇప్పుడు మంద లేదు, మోపెడ్ లేదు, బోద కొట్టమూ లేదు. మబ్బు ఎక్కడుందో ఫోనే రంగులేసి చూపిస్తుంది. నిన్న చిన్నాయన పల్లె నుంచి ఫోన్ చేశాడు.

"పాపా, మబ్బు యాడుండాది?"

"కుప్పం మీద, చిన్నాయనా."

"అయితే నేను ఇంటికాడే ఉంటాలే. అది వొస్తే, యాడికో పోయినానని సెప్పేదానికి ఇప్పుడు మీ అవ్వ కూడా ల్యాదు గదా."