మగచేపల మేత

మొన్న నూనె మిల్లు ముందు నుంచి నడిచిపోతుంటే, నూనె పిండగా మిగిలిన పల్లిచెక్క వాసన గుప్పున కొట్టింది. అందరికీ కమ్మగా ఉండే ఆ వాసన నన్ను మాత్రం అక్కడ నిలబడనివ్వలేదు. ఖాదర్ సాబ్ గుర్తొచ్చారు. మెదక్‌లో ప్రభుత్వ చేపల కుంటల దగ్గర ఆయన నా మొదటి అధికారి. బీయస్సీ పాసై, నాకు తెలియనిది లేదన్న ధీమాతో ఆయన కింద సహాయకురాలిగా చేరాను.

సాబ్‌కు ఒకటే పిచ్చి. వానాకాలంలో రోహు మగచేపల వీర్యం తీసి చల్లగా దాచాలని, ఎప్పటికైనా గడ్డకట్టించి నెలల తరబడి నిలవ ఉంచాలని. నర్సాపూర్ మీదుగా వచ్చే బస్సులో, రంపపు పొట్టు కప్పిన ఐసు తెప్పించేవారు. "ఐసుతోని ఏం గాదు బేటీ. చేప ఏం తిన్నదో గదే నిలబెడ్తది" అనేవారు. నేను లోపల నవ్వుకునేదాన్ని. ఒక కుంటలో ఉత్త తవుడు, రెండో కుంటలో తవుడుతో పాటు పల్లిచెక్క పెట్టించారు. తవుడు చేపల వీర్యం నీళ్లలా వచ్చింది, మర్నాటికి కదలిక లేదు. చెక్క తిన్నవాటిది చిక్కటి పాలలా ఉంది. ఒక రోజు ఐసులో ఉంచాక కూడా, నీటిచుక్క తగలగానే సూక్ష్మదర్శిని కింద బిలబిలా కదిలింది. నా నవ్వు అక్కడితో ఆగింది. వచ్చే ఏడు తామే వచ్చి చూస్తామని, బాగుంటేనే పని సాగనిస్తామని హైదరాబాద్ అధికారులు కబురు పెట్టారు.

ఆ మరుసటి ఏడు కరువు. అధికారులు రావడానికి రెండు రోజుల ముందు చేపలు పట్టి చూశాం. రెండు కుంటల చేపల వీర్యమూ నీళ్లలాగే ఉంది. చెక్క నానబెట్టి వేయడం కావలి మల్లయ్య పని, వేశాడని సంతకం పెట్టడం నా పని. చెక్కను అతను చేగుంటలో అమ్ముకుంటున్నాడని నేనే గట్టిగా అన్నాను. సాబ్ నన్ను వెంటబెట్టుకుని అతని ఇంటికి నడిచారు. మల్లయ్య భార్య నానిన పల్లిచెక్క పిసికి రొట్టెలు కొడుతోంది. చుట్టూ నలుగురు పిల్లలు.

"రెండు నెలల సంది గిదే తింటున్నం సారూ. చేపలకు తవుడైతే ఏసిన" అన్నాడు మల్లయ్య తల దించుకుని.

చేపకు ఏ మేతలో ఎంత బలముందో కంఠతా పట్టినదాన్ని, రోజూ ఎదురుపడే మనిషి డొక్క చూడలేదు. సాబ్ కింద కూర్చుని, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

అధికారులు వచ్చారు. మేత వేయడం ఎవరు చూశారని అడిగారు. రెండు నెలల్లో ఒక్కసారైనా గట్టు మీద నిలబడి చూడకుండా సంతకాలు చేసింది నేను.

"నేనే చూసిన. నాదే తప్పు" అన్నారు సాబ్.

మల్లయ్య పేరు రాలేదు, నా పేరూ రాలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నెల తిరక్కుండా ఆయనకు బదిలీ అయింది, ఆ పని అంతటితో ఆగిపోయింది. పోయేముందు మల్లయ్యకు రేషన్ కార్డు రాయించానని, జొన్నలు అందుతున్నాయో లేదో నన్ను స్వయంగా పోయి చూడమని మాత్రం చెప్పారు. వెళ్లి చూశాను. తర్వాత ఉద్యోగమంతా, కళ్లతో చూడనిదే సంతకం పెట్టలేదు. నిక్కచ్చి మనిషినని అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు అనవలసిన "నేను సార్" అన్న రెండు మాటలు ఇంకా నా గొంతులోనే ఉన్నాయి.